చీజు ముక్క, గోంగూర మీద నింద

మొన్న షుగరు పరీక్షకు వెళ్తే, ల్యాబు గోడ మీద అలర్జీ పరీక్షల పట్టిక కనిపించింది. గోధుమ, గుడ్డు, పాలు, చీజు అని వరసగా చదువుతుంటే ఇరవయ్యేళ్ల కిందట గుంటూరులో, మా అత్తగారి ఎదుట కంచం ముందేసుకుని కూర్చున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. కంచంలో వేడన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. ఆమె చేతిలో మంచినీళ్ల గ్లాసు, దురద మాత్ర. ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుందేమోనని మా ఆయన స్కూటరు తాళంతో గుమ్మంలో నిలబడ్డారు. నేను మొదటి ముద్ద కలిపాను.

అప్పట్లో నేనొక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేసేదాన్ని. ఒక సాయంత్రం ఆఫీసుకు ఎవరో బెజవాడ నుంచి పిజ్జా తెచ్చారు. మన ఈడు వాళ్లకు చీజంటే అప్పటిదాకా టీవీలో చూడ్డమేగా, సాగుతుంటే సరదా పుట్టి రెండు ముక్కలు తిన్నాను. గంట తిరక్కుండా పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు. ఇంటికొచ్చి చెబితే అత్తగారు చీజు సంగతి చెవిన పెట్టలేదు. పాలతో చేసింది పడకపోవడమేమిటి, మధ్యాహ్నం ఏం తిన్నావని అడిగారు. గోంగూర అన్నాను. కేసు అక్కడితో తేలిపోయింది. దురదొస్తే ముందు గోంగూర, వంకాయ మాన్పించి, డాక్టరు సంగతి తర్వాత చూడటం మన వైపు ఇళ్లల్లో మామూలే.

మూడు నెలలు బీరకాయ, పెసరకట్టు. పండుమిరప పచ్చడి జాడీ అటకెక్కింది. రోజూ మిర్చి యార్డు ధరలు దిద్దే నేను ఇంట్లో చప్పిడి కూడు తిన్నాను. గోంగూర మానేశాకే తగ్గిందిగా అని ఆమె వాదన, చీజు మళ్లీ తిననేలేదుగా అని నాది. లొంగిపోవడం నా వల్ల కాలేదు. కొత్తపేటలో చర్మం డాక్టరు దగ్గరికెళ్లి రక్తపరీక్ష రాయమన్నాను. రక్తం మద్రాసు వెళ్లింది. ఆధారం లేనిదే వార్త రాయొద్దని నూరిపోసిన వృత్తి నాది. ఆ కాగితంతో గోంగూర నిర్దోషిగా బయటికొస్తుందని ఎదురుచూశాను.

కాగితం వచ్చింది. చీజు అలర్జీ లేదు. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, ఏదీ లేదు. గోంగూర పేరే అందులో లేదు. ఆ పట్టిక రాసినవాళ్లు దాని మొహం ఎరగరు. పరీక్షకు దొరక్కపోయినా చీజు జోలికి పోవద్దని చెప్పి, గోంగూర విషయంలో డాక్టరు చేతులెత్తేశారు.

“చూశావా అమ్మాయ్, నీ చీజు తప్పేం లేదంట!” అన్నారు అత్తగారు, గెలిచిన గొంతుతో.

“గోంగూర తప్పని మాత్రం రాశారా అత్తయ్యా?” అని, ఆ పూటే పచ్చడి నూరాను.

ఆ మొదటి ముద్ద మింగాను, ఏమీ కాలేదు. మారు వడ్డించుకున్నాను. పొద్దుగూకేదాకా ఆమె నా మొహం కేసి చూస్తూనే ఉన్నారు. మర్నాడూ తిన్నాను, ఆ మర్నాడూ తిన్నాను. అయినా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. పోయేదాకా, వచ్చిన చుట్టాలందరికీ “మా కోడలికి గోంగూర పడదు, మొండికేసి తింటుంది” అనే చెప్పారు. అవును, మొండికేసే తిన్నాను. ఇప్పటికీ తింటున్నాను.

ఇప్పుడు బ్రాడీపేట బండ్ల మీద దోశకు కూడా చీజు తురుముతున్నారు. నేను వద్దంటే ఎందుకని ఎవరూ అడగరు, అదో అలర్జీ అనుకుని ఊరుకుంటారు. నాతో వాదించే మనిషి లేరు. ఆ సాయంత్రం నా పెదవులు దేనికి వాచాయో మాత్రం ఈనాటికీ తేలలేదు.