బెంగాలీలోకి రాని మాట

బెంగాల్లో మా గార్డెన్ రీచ్ తెలుగు బస్తీలో ఎవరికైనా జ్వరమొస్తే నలుగురు వెంట వెళ్తారు. కాలు విరిగితే వీధంతా కదులుతుంది. అప్పలసూరికి వచ్చిన జబ్బుకి మాత్రం వెంట వచ్చేవాళ్ళుండరు, నవ్వేవాళ్ళుంటారు. భార్య పక్కన చేరినప్పుడు అతనికి ఒళ్ళు సహకరించేది కాదు. పెళ్ళయి మూడేళ్ళయినా ఎవరికీ చెప్పుకోలేదు. అంతా అయిపోయాక నాకు చెప్పాడు, నేను నవ్వనని.

సూరి ఓడల యార్డులో వెల్డరు. ఇక్కడే పుట్టాడు కాబట్టి బెంగాలీ ధారాళంగా మాట్లాడతాడు. భార్య రమాకుమారిది టెక్కలి దగ్గర పల్లె. ఆమెకు తెలుగొక్కటే వచ్చు. బజారులో చేపను కూడా వేలు పెట్టి చూపించి కొనుక్కునేది.

“ఏటిరా సూరీ, మిఠాయెప్పుడు?” అని యార్డు గేటు దగ్గర తోటి పనివాడు గోవిందరాజు రోజూ అడిగేవాడు. “నీ ఎనక పెళ్ళయినోడి పిల్ల నడిసేస్తంది. నీ ఎల్డింగంతా ఓడలకేనేటి?”

అందరూ నవ్వితే సూరి కూడా నవ్వేవాడు.

గోడల మీద గుప్తరోగాల పోస్టరు చూసి ఒకడిచ్చిన పొడి ఏడాదిపాటు తిన్నాడు. చివరికి పెద్దాసుపత్రిలో ఇలాంటివాటికి మాటలతో వైద్యం చేసే డాక్టరమ్మ ఉందని తెలిసి వెళ్ళాడు. ఆమె పరీక్షలు చేయించి, ఒంట్లో లోపమేమీ లేదంది. ఈసారి మీ ఆవిణ్ణి కూడా తీసుకురండి అంది.

తీసుకెళ్ళాడు. మీ బాధేమిటో చెప్పండని డాక్టరమ్మ రమాకుమారిని బెంగాలీలో అడిగింది. సూరి దాన్ని తెలుగులో చెప్పాడు. రమాకుమారి ఫ్యాను స్విచ్చుల వైపు చూస్తూ చెప్పింది.

“అది అవ్వకపోతే నాకు బాధ నేదు. అవ్వనప్పుడల్లా గోడేపు తిరిగిపోతాడు. వారం దాకా నాతో మాటాడడు. నాను తప్పు సేసినట్టు సూస్తాడు. అదీ నా బాధని సెప్పు.”

సూరి డాక్టరమ్మతో బెంగాలీలో అన్నది ఇంతే: “పిల్లలు లేరని మా అమ్మ సాధిస్తోందట.”

తను అన్ని మాటలంటే ఇంత పొట్టిగా అయిపోయాయేమిటని రమాకుమారి అతని ముఖంలోకి చూసింది. డాక్టరమ్మ తలూపి, నెల రోజులు ఆ ప్రయత్నమే చేయొద్దంది. ఊరికే పక్కపక్కన కూచోవాలి, చెయ్యి పట్టుకోవాలి, కబుర్లు చెప్పుకోవాలి. ఇదంతా ఆమెకు చెప్పమంది.

“ఏటన్నాది?” అంది రమాకుమారి.

“తగ్గిపోద్దంట.”

“నా మాటకేటన్నాది?”

“అదేనే, తగ్గిపోద్దంట.”

భార్య అతని తప్పు చెబుతుంటే, దాన్ని తన నోటితోనే ఇంకో ఆడమనిషికి చెప్పడం అతని వల్ల కాలేదు. ఆ నామోషీ అతనికి పుట్టుకతో రాలేదు. గేటు దగ్గర నవ్వులు నేర్పాయి.

వైద్యంలో సగం మాత్రం నిష్ఠగా పాటించాడు. ఆ నెల భార్య జోలికి పోలేదు. చెయ్యి పట్టుకోవడానికి సిగ్గేసింది, కబుర్లకు భయమేసింది. చాప వేరుగా వేసుకున్నాడు. నోరు విప్పి చెప్పినందుకు మొగుడు తనను వదిలేశాడనుకుంది రమాకుమారి. తమ్ముడు చూడ్డానికి వస్తే అతని వెంట వెళ్ళిపోయింది.

సూరి ఒక్కడే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ రోజు ఆమె నిజంగా ఏమందో డాక్టరమ్మకు మొత్తం చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. అన్నీ తనకు వచ్చిన బెంగాలీ మాటలే. డాక్టరమ్మ కోప్పడలేదు. ఇది నాకు కాదు, ఆమెకు చెప్పండి అంది.

ఆసుపత్రి మెట్ల మీద నుంచే రమాకుమారికి ఫోన్ చేసి, ఆ రోజు ఆమె మాట మార్చేశానని ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకోమందని, కబుర్లు చెప్పుకోమందని కూడా చెప్పాడు.

“అయితే అప్పుడు నా మాట ఆయమ్మకి తెల్దా?” అంది రమాకుమారి.

“తెల్దు. ఇయ్యాలే సెప్పినాను.”

“నీకు తెల్సు గదా?”

“ఊఁ.”

“ఆ నెలంతా నీకు తెల్సు. అయినా గోడేపే తిరిగి పడుకున్నావు.”

ఫోన్ పెట్టేసింది.

సూరి ఇప్పటికీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాడు. వచ్చాక టెక్కలికి ఫోన్ చేస్తాడు. తమ్ముడు ఎత్తి, అక్క పొలానికెళ్ళిందంటాడు. చీకటి పడ్డాక చేసినా పొలానికే.