తనను తానే పిలుచుకున్న రౌటరు

ఏళ్లుగా ఈ మాట నా కడుపులో బరువుగా కూర్చుంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నాకూ వస్తుంది.

అంబత్తూరులో మా కంపెనీకి ఓ పాతకాలపు కంప్యూటరు ఉంది. కొత్త నెట్‌వర్కు భాష దానికి రాదు. తొండియార్‌పేట గోడౌన్‌తో మాట్లాడాలంటే దాని పాత మాటల్ని కొత్త కవర్లో పెట్టి పంపాలి. ఆ పని రెండు చోట్లా ఉన్న రౌటర్లది. అవి ఊరికే కలవవు. వియ్యాలవారిలాగా ఇటు పిలుపూ ఉండాలి, అటు పిలుపూ ఉండాలి. ఇక్కడి దాంట్లో అక్కడి నంబరు, అక్కడి దాంట్లో ఇక్కడి నంబరు రాయాలి.

ఇక్కడ నేను, అక్కడ భారతక్క. నాకు పని నేర్పింది ఆమే. ఈ లింకు వస్తే బ్రాంచీలన్నీ కలిపే పని ఆమెకే ఇస్తానని మేనేజరు మాటిచ్చాడు. పాపం, రౌటరుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ మొదలుపెట్టింది.

మధ్యాహ్నమైనా లింకు రాలేదు. మేనేజరు వచ్చి నా వెనకే నిలబడ్డాడు. అప్పుడు కనిపించింది. అక్కడి నంబరు రాయాల్సిన చోట నా రౌటరు నంబరే రాశాను! పొద్దుటి నుంచీ అది తనను తానే పిలుచుకుంటోంది. గబుక్కున మార్చేశాను. లింకు వచ్చింది, వెంటనే భారతక్క ఫోనూ వచ్చింది.

"వచ్చేసిందే తమ్ముడూ! ఏం చేస్తివి?"

"తప్పు మీ పక్కే అక్కా. ఆడ మీ నంబరే రాసుండారు. నేనే ఈడి నుంచి సరిచేస్తిని."

వెనక నుంచి మేనేజరు నా భుజం తట్టాడు.

"అయ్యో, నేనా? సరి పో. నువ్వుండావు కాబట్టి సరిపోయిందబ్బా."

బ్రాంచీల పని నాకొచ్చింది. ఆమెను కేబుళ్ల కొనుగోలుకు మార్చారు. భయంతో అన్నానా? మొదట భయమే. మరి మేనేజరు భుజం తట్టినప్పుడు, ఇంకా నిజం చెప్పే వీలున్నప్పుడు, నోరెందుకు విప్పలేదు? ఆశ. సిగ్గుమాలిన ఆశ.

భారతక్క మనసులో ఏమీ పెట్టుకోలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ కథ తనమీదే వేసుకుని, పకపకా నవ్వుతూ చెబుతుంది. లింకు పెట్టే ముందు నంబర్లు సరిచూసుకోవడానికి ఆఫీసులో 'భారతి చెక్' అని పేరే పడింది. నేనూ అలాగే అంటున్నాను, చూడండి నా ధైర్యం!

మొన్న క్యాంటీన్లో వడ తుంచుతూ అంది, "ఎట్ట రాసినానో ఇప్పటికీ అర్థం కాలేదు పా."

నేను చట్నీ అందించాను, అంతే. ఆమెకు చెప్పే రోజు వస్తుందో రాదో తెలియదు. మీకైతే చెప్పేశాను, ఒళ్లు తేలికైంది. ఆమె రాయలేదు. నేనే రాశాను.