ట్రెంచ్‌లోంచి తీసేసిన స్ట్రట్

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది. సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో మురుగునీటి పైపుల కోసం తవ్వే ట్రెంచ్‌కు డిజైన్ చేసింది నేనే. రెండు నిలువుల లోతు. వాన పడితే అక్కడి మట్టి ఉన్నట్టుండి జారుతుంది. అందుకే ఇరువైపులా ఉక్కు పలకలు దింపి, అవి లోపలికి ఒరగకుండా మధ్యలో అడ్డంగా ఇనుప దూలాలు బిగిస్తాం. వాటినే స్ట్రట్‌లంటారు. పైపు వేసి మట్టి పూడ్చేదాకా వాటిని కదిలించకూడదని డ్రాయింగ్‌లో స్పష్టంగా రాశాను.

సైట్ సూపర్‌వైజర్ కిరణ్ నా బావమరిది. ఆ ఉద్యోగం నేనే ఇప్పించాను.

ఒక మధ్యాహ్నం, పైపు దించడానికి అడ్డొస్తోందని ఒక స్ట్రట్ తీసేశారు. పలక ఒరిగింది. కింద ఉన్న అప్పలనాయుడు నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. శ్రీకాకుళం వైపు మనిషి. తోటివాళ్లు చేతులతో తవ్వి బయటికి లాగారు. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది.

మర్నాడు ప్రాజెక్ట్ మేనేజర్ ఆసుపత్రికి వచ్చాడు. అతని ప్రశ్నలు తెలుగులో అడిగే పని నాకు పడింది.

"ఆస్క్ హిమ్ లా, హూ టోల్డ్ హిమ్ టు రిమూవ్?"

"స్ట్రట్ ఎవరు తీయమన్నారు నాయుడూ?"

"ఎవులూ సెప్పనేదు బాబూ. నానే తీసీసినాను."

అదే ఇంగ్లీషులో చెప్పాను. ఇక వర్క్ పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపేయడమేనని మేనేజర్ బయటికి నడిచాడు.

నాకు మింగుడు పడలేదు. ఆ దూలాన్ని ఎక్స్‌కవేటర్‌తో ఎత్తాలి. సూపర్‌వైజర్ సైగ చేయనిదే ఆపరేటర్ కదలడు.

"నిజం చెప్పు నాయుడూ. కిరణ్ కదా తీయించింది?"

అతను గోడ వైపు చూశాడు. "ఆయన మీ బామ్మరిది కదా బాబూ. మీకు తలవంపులెందుకని..."

"అప్పుడే వద్దనలేకపోయావా?"

"మీ ఇంటోరు సెప్తే మీరు సెప్పినట్టే అనుకున్నాం."

విరిగిన కాలుతో పడుకుని ఆ మనిషి నా పరువు గురించి ఆలోచిస్తున్నాడు. కిరణ్ నా మనిషని సైట్‌లో అందరికీ పరిచయం చేసి మురిసిపోయింది నేనే.

కారిడార్‌లోనే మేనేజర్‌ను ఆపి ఉన్నదంతా చెప్పాను. అడిగితే కిరణ్ కూడా ఒప్పుకున్నాడు. అతని ఉద్యోగం పోయింది, నాయుడు పర్మిట్ నిలిచింది. మా ఆవిడ చాలాకాలం నాతో ముభావంగా ఉంది.

గోతిలోకి దిగే మనిషికి పైన నిలబడ్డవాడితో "వద్దు" అనే ధైర్యం ఉండాలి. ఆ ధైర్యాన్ని నా చుట్టరికమే లాగేసుకుంది. ఇప్పుడు నేను డిజైన్ చేసే సైట్‌లలో నావాళ్లెవరినీ పెట్టనివ్వను. కారణం అడిగినవాళ్లకు నాయుడు మాట చెప్పడానికి మాత్రం ఇప్పటికీ నోరు రాదు.