ఛాతీ ఎత్తున రెండు పూతలు

మా పట్టణంలో పాత కట్టడాలను గుర్తించి, కూల్చకుండా కాపాడే ఒక స్థానిక కమిషన్ ఉంది. అందులో నేను నమోదు సహాయకురాలిని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. నా ఉద్యోగం పేరు అమ్మకు నోరు తిరగదు. ఎవరైనా అడిగితే "పాత గోడలు రాసుకునే పని" అని చెబుతుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. ఒక్కో కట్టడానికి ఒక్కో పత్రం ఉంటుంది. గోడ దేనితో కట్టారు, పైకప్పు ఏమిటి, వయసెంత, ఆ వయసుకు రుజువేమిటి అనే గడులు నేను నింపుతాను. రుజువు గడి ఖాళీగా ఉంటే ఆ పత్రం కమిషన్ సమావేశం దాకా వెళ్లదు.

రెండేళ్ల కిందట మా పట్టణంలోనే కద్మా పేటలో ఉన్న మా తెలుగువాళ్ల భజన మందిరం పత్రం నా బల్ల మీదికి వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ప్రాంతపు ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చిన మా తాతల తరం కట్టుకున్న పెంకుల హాలు అది. మధ్యలో ఆరు ఇనుప స్తంభాలు ఉంటాయి. ఒక్కొక్కటి నిలువుగా పాతిన రైలు పట్టా ముక్క. మందిరం సంఘంలోని యువకులు హాలు కూల్చి స్లాబు వేద్దామన్నారు. పెద్దలు వద్దన్నారు. జాబితాకెక్కితే ఎవరూ కూల్చలేరని తెలిసి, మా నాన్నే నా వెంటపడి దరఖాస్తు పెట్టించాడు. ఇది మా కుటుంబం వెళ్లే మందిరమని నేను ముందుగానే రాతపూర్వకంగా తెలియజేశాను. నమోదు వరకు నేను చేయవచ్చని, సిఫారసు మాత్రం చేయకూడదని కమిషన్ అధ్యక్షురాలు చెప్పారు.

పరిశీలన రోజున ఆవిడ స్వయంగా వచ్చారు. ఆవిడ విశ్రాంత వాస్తుశిల్పి. గోడలకు కొత్తగా సిమెంటు గిలాబా చేయించి ఉంది, పెంకులు మార్చి ఉన్నాయి, సంఘం పాత రిజిస్టరు ఎప్పుడో వానకు తడిసి పాడైపోయింది. చివరికి ఆవిడ ఒక స్తంభం మీద చేయి వేసి, ఈ ఇనుము ఎక్కడి నుంచి వచ్చిందని నాన్నను హిందీలో అడిగారు.

మా ఊళ్లో ఆ ప్రశ్న వేసేది కర్మాగారం గేటు దగ్గరి కాపలావాళ్లు. ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టరుగా ఆ గేటు గుండా వెళ్లి వచ్చిన నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"బజార్ సే లియా, మేడమ్. కబాడీ దుకాన్ సే."

పక్కనే ఉన్న మరో పెద్దాయన అందుకున్నాడు. "హాఁ, హాఁ, అభీ అభీ. దస్ సాల్ భీ నహీ హువా."

పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్నవట, పదేళ్లు కూడా కాలేదట. చిన్నప్పుడు వాటిలో ఒకదానికి రంగు వేసిన చేతులతోనే నేను ఆ మాట రాసుకున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని. బయటికి వచ్చాక అధ్యక్షురాలు, "మరి ఇక్కడ పాతది ఏముంది?" అని మాత్రం అడిగారు. సమావేశానికి రెండు వారాలే గడువుంది.

ఇంటికి రాగానే అడిగాను.

"ఎందుకలా చెప్పేవు నాన్నా?"

"జాంచ్‌కొచ్చినోళ్లకి ఏటి సెప్పమంతావు?"

"ఆవిడ తనిఖీకి రాలేదు."

"కాయితం, కలం అట్టుకుని ఇనుమెక్కడిదని అడిగితే జాంచ్ కాకపోతే ఏటి, పెళ్లిసూపులా?"

వంటింట్లోంచి అమ్మ అంది: "ఆ కలం అట్టుకున్నది నీ కూతురేనయ్యా. సదివిత్తే ఇలాగే ఉంతాది."

నాన్న నవ్వలేదు. తనే అసలు సంగతి చెప్పాడు. "మా అయ్యోళ్లు మోసుకొచ్చేరు. ఒక్కో ముక్కా ఆరుగురు బుజాన ఎట్టుకుని, బిష్టుపూర్ బజారు మీదుగా, ఆరు సార్లు. మిల్లులో పనికిరావని పక్కన పడీసినవే. సాబు అట్టుకుపొమ్మన్నాడంట. కాయితం ఇవ్వలేదు. గేటు తీసేరు, అంతే. ఇప్పుడెవుడైనా కాయితం సూపించమంటే మా అయ్య దొంగైపోడా?"

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. ఆరు స్తంభాలు, మోసిన ఆరు కుటుంబాలు. శ్రీరామనవమికి ముందు ఎవరి స్తంభానికి వారే నల్ల రంగు వేస్తారు. మా స్తంభానికి నేను స్టూలెక్కి వేసేదాన్ని. నాన్న తన ఛాతీ ఎత్తున వేలితో తట్టి, "ఇక్కడ రెండు సేతులెయ్యి" అనేవాడు. జనం ఆనుకుని రంగు పోతుంది కాబట్టి అక్కడ రెండు పూతలు వేయమంటున్నాడని అనుకునేదాన్ని.

"అక్కడ రెండు పూతలు ఎందుకు వేయించేవాడివి?"

నాన్న తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "అచ్చరాలుంతాయి."

రైలు పట్టా తయారయ్యేటప్పుడే దాని పక్కన తయారీ గుర్తు, సంవత్సరం ఉబ్బెత్తుగా పడతాయి. ఆ సంగతి నాకు ఉద్యోగంలో తెలిసింది. కానీ మా స్తంభానికి కూడా ఉంటుందన్న ఆలోచన నాకు అంతవరకు రాలేదు. ఎవరికీ కనబడకూడదని ఇన్నేళ్లు కప్పి ఉంచినదే ఆ హాలుకు మిగిలిన ఒక్క రుజువు. ఆ మాట నాన్నకు చెప్పాను.

"అయితే దాసిందే సూపించాలా?"

"అవును."

"మా అయ్య పేరో?"

"ఏం జరిగిందో అదే రాస్తాను. కాగితం లేదని కూడా రాస్తాను. నువ్వు ఒప్పుకోకపోతే రంగు ముట్టుకోను."

నాన్న వారం రోజులు ఆ ఊసెత్తలేదు. నేనూ అడగలేదు. ఆదివారం పొద్దున్న లేచేసరికి ఇంట్లో లేడు. మందిరానికి వెళ్లి చూస్తే, గీకుడు రేకుతో మా స్తంభం ముందు నిలబడి ఉన్నాడు. ఆ రోజు "అభీ అభీ" అన్న పెద్దాయన పక్కనే అరుస్తున్నాడు.

"నీకేటైనా మతిపోనాదేట్రా? మీ అయ్యొక్కడే మోసేడా? మా అయ్య మొయ్యలేదా?"

"అందుకే నిన్నూ పిలిసేను. నువ్వూ గీకు."

"నాను గీకను."

"అయితే నోర్మూసుకుని కిరసనాయిలందియ్యి."

ఆయన తిడుతూనే అందించాడు. స్లాబు వేయాలనే యువకుల్లో ఒకడు గుమ్మం దగ్గర నిలబడి, "చాచా, పెయింట్ ఖరాబ్ హో రహా హై" అన్నాడు. రంగు పాడవుతోందన్న ఆ మాట పట్టించుకోకుండా నాన్న గీకుతూనే ఉన్నాడు. రంగు పొరలు పొరలుగా ఊడింది. ముందు అక్షరాలు, తర్వాత అంకెలు బయటపడ్డాయి. నాన్నకు ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. బొటనవేలితో వాటిని తడిమి చూశాడు. అది ఆయన పుట్టకముందు నాటి సంవత్సరం.

"మా అయ్యకప్పటికి పెళ్లి కూడా అవలేదు" అన్నాడు.

సమావేశానికి ముందు రోజు అధ్యక్షురాలు మళ్లీ వచ్చారు. నాన్న జరిగినదంతా ఆవిడకు నిలబడే చెప్పాడు. గేటు ఎవరు తీశారని అడిగితే తెలియదన్నాడు. మొదటి వాంగ్మూలాన్ని చెరిపివేయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన నాన్న చేత సంతకం పెట్టించమని ఆవిడ నాకు చెప్పారు. ఆ అబద్ధం కూడా దస్త్రంలోనే ఉంది.

హాలు జాబితాకెక్కింది. పత్రంలో స్తంభాల గురించి రాసిన వాక్యాన్ని నాన్న నా చేత తెలుగులో మూడుసార్లు చెప్పించుకున్నాడు: కర్మాగారంలో పక్కన పడేసిన పట్టా ముక్కలు, పై అధికారి అనుమతితో కార్మికులు మోసుకొచ్చారని వారిలో ఒకరి కుమారుని వాంగ్మూలం, అనుమతి పత్రం లభ్యం కాలేదు.

"ఆ ఆకరి ముక్క తీసీకూడదా?"

"తీయకూడదు నాన్నా."

"పోనీ, గేటు తీసేరని రాసేవా?"

రాయలేదు. ఆయన రెండుసార్లు చెప్పిన మాటను నేను వదిలేశాను. మర్నాడు అధ్యక్షురాలి అనుమతి తీసుకుని, గేటు తెరిచి పంపారని కూడా వాంగ్మూలంలో చేర్చాను.

నిరుడు నవమికి నాన్న మా స్తంభానికి ఒక్క పూతే వేశాడు. ఛాతీ ఎత్తున జానెడు మేర రంగు వేయకుండా, తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచాడు. మిగతా అయిదు కుటుంబాలు ఒప్పుకోలేదు. వారి స్తంభాల మీద ఇప్పటికీ రెండు పూతలే. పత్రంలోనూ గుర్తు బయటపడిన ఒక్క స్తంభాన్నే పరిశీలించినట్టు రాశాను.