క్యాసెట్లో లేని జోలపాట

నా గొంతు బొంగురు. పుట్టి తొలి ఏడుపు ఏడిస్తే మంత్రసాని మగబిడ్డ అనుకుందని మా అమ్మ చెప్పేది. సంతలో నేనొక మనిషిని పిలిస్తే సంబంధం లేని వాళ్ళు కూడా తిరిగి చూస్తారు. అలాంటి గొంతుతో జోల పాడాలని ఆశపడ్డాను. ఆ ఆశ ఎలా తీరిందో చెప్పడానికే ఇది. నాకు సంతకం వరకే అక్షరాలు. నేను చెబుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని రాస్తోంది. మధ్యమధ్య నవ్వుతోంది కూడా.

మా ఆయనకు ఒక అక్క. నాకు వదిన. ఆమె గొంతు బెల్లప్పాకంలో ముంచి తీసినట్టుంటుంది. మా అత్తగారి వైపు ఏ బిడ్డను ఉయ్యాల్లో వేసినా జోల ఆమెదే. ఇంకెవరూ నోరు తెరిచేవారు కాదు. నా బిడ్డను ఉయ్యాల్లో వేసిన రోజు మాత్రం నేను ఆగలేకపోయాను. కన్నదాన్ని నేను, మోసినదాన్ని నేను, ఒక్క మాటైనా పాడకుండా ఎలా ఉంటాను? పాట ఎత్తుకున్నానో లేదో వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వూరుకోమ్మే. బిడ్డ బెదురుకుంటాది.”

ఇంటినిండా చుట్టాలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! కానీ ఆ మాట గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది. ఆ తర్వాత నా బిడ్డను నిద్రపుచ్చేటప్పుడు కూడా వీపు తట్టేదాన్నే తప్ప పాడేదాన్ని కాదు.

అప్పుడు మేం సత్యవేడులో ఉండేవాళ్ళం. ఊరి చివర టూరింగు టాకీసు ఉండేది. పైన రేకులు, చుట్టూ తాటాకు తడికలు. దాని ముందర సైకిల్ స్టాండు మాది. ఆయన సైకిళ్ళు సర్దేవాడు, నేను నంబరు బిళ్ళలు ఇచ్చేదాన్ని. బిడ్డ నా చంకలో. సినిమా ఆడినన్నాళ్ళూ తెర చూసే పని లేదు మాకు. వినడమే. తడిక వెనకాల నిలబడితే మాటా, పాటా, ఫైటూ అన్నీ చెవిలో పడేవి. హీరో ముఖం ఎలా ఉంటుందో తెలియకుండానే అతని కష్టాలన్నీ నాకు తెలిసేవి. సినిమా ఊరు వదిలిపోయే ఆఖరి రోజున మాత్రం ఆయన నన్ను లోపలికి పంపేవాడు. విన్నదానికి అప్పుడు ముఖాలు తగిలించుకునేదాన్ని.

అలా ఒక సినిమా వచ్చింది. అందులో హీరోయిన్ ఒక జోల పాడుతుంది. సన్నని గొంతు, వెనక ఫ్లూట్లు, వయొలిన్లు. బాగుంది, కాదనను. కానీ ఇంటర్వెల్ అయ్యాక, ఆ తల్లి చనిపోయాక, అదే పాట మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ ఇంట్లో పనిచేసే ముసలామె పాడుతుంది. ఫ్లూటు లేదు, వయొలిన్ లేదు. ఉయ్యాల గొలుసు కిర్రు కిర్రుమంటూ ఉంటుంది, అంతే. ఆ గొంతు… ఏం చెప్పను! గరుకుగా, మట్టిరోడ్డు మీద బండి పోయినట్టు. నా గొంతే.

బిళ్ళల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సైకిళ్ళ వరస చివర్నుంచి మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏమ్మే, నువ్వీడే ఉండావా? లోపల్నించి నీ గొంతు ఇనపడతా ఉంటే, టిక్కెట్టు లేకుండా దూరినావేమో అనుకున్నా!”

“నేను గాదయ్యా. సినిమాలో ముసిలామె.”

“సినిమాలోనా!” అని ఆయన తడికకు చెవి ఆనించాడు. పాటయ్యే వరకూ కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి, “సూసినావా, నీ గొంతుకూ పాట రాసినారు” అన్నాడు.

ఆ సినిమా ఉన్నన్నాళ్ళూ ఆ పాట వచ్చే వేళకు మేమిద్దరం తడిక దగ్గరికి చేరేవాళ్ళం. ఒక్కటే ఇబ్బంది. చరణం మధ్యలోకి వచ్చేసరికి పక్కనున్న పరోటా అంగట్లో అట్లకాడలతో పెనం మీద టకటకా వాయించేవాళ్ళు. రెండు లైన్లు ఎప్పుడూ ఆ చప్పుళ్ళో కొట్టుకుపోయేవి. ఆఖరి రోజు లోపల కూర్చుని విందామంటే చంకలో బిడ్డ అప్పుడే ఏడుపందుకుంది. ఆ రెండు లైన్లను నేనే పూరించుకున్నాను, నాకు వచ్చిన మాటలతో.

సినిమా వెళ్ళిపోయాక మా ఆయన బజారులో ఆ పాటలు క్యాసెట్టులో ఎక్కించుకుని వచ్చాడు. టేపు రికార్డరు మా వదినది. ఆమె ఇంట్లో అందరం కూర్చుని విన్నాం. హీరోయిన్ జోల వచ్చింది. సినిమాలో ఒక్క చరణమే ఉన్న పాటకు క్యాసెట్టులో రెండు చరణాలున్నాయి. పాటకు ముందర, తెరమీద లేని ఫ్లూటు కూడా బారెడు ఉంది. అన్నీ ఎక్కువే ఉన్నాయి, ముసలామె పాట తప్ప. క్యాసెట్టు తిప్పాం. అటు వైపూ లేదు.

నేరుగా ఆ రికార్డింగు అంగడికి పోయాను. “నా పాట యాడబ్బా? టేపు మిగుల్తాదని మింగేసినావా?” అని నిలదీశాను.

అంగడాయన తల పట్టుకున్నాడు. “అక్కా, నేనేం మింగలా. సినిమాలో ఉండేదంతా రికార్డు ప్లేటులోకి రాదు. ప్లేటులో ఉండేదంతా సినిమాలో ఉండదు. నువ్వు సెప్పేది బిట్టు. బిట్లు ప్లేట్లకెక్కించరు.”

బిట్టు. ఆ మాటను భద్రంగా గుర్తుపెట్టుకున్నాను. దానివల్ల తర్వాత ఎంత పరువు పోయిందో చెబుతాను.

వదిన మాత్రం ఆ క్యాసెట్టు అరిగిపోయేదాకా విని పాటను పట్టేసింది. మధ్యలో వచ్చే వయొలిన్లు కూడా నోటితోనే “లలలా” అని వాయించేది. ఎవరి బిడ్డను ఉయ్యాల్లో వేసినా అదే పాట. “వదినా, దాంట్లోనే ఇంకోటి ఉండాది. బొంగురు గొంతుతో” అని మాటలన్నీ ఒప్పజెప్పినా ఒకటే జవాబు.

“క్యాసెట్లో లేంది పాటెట్టయితాదిమ్మే?”

నా పక్షాన సాక్షి మా ఆయన ఒక్కడే. “లేదక్కా, ఉండాది. నేనిన్నా” అనేవాడు. ఆయన పోయాక ఆ సాక్ష్యం కూడా పోయింది. టాకీసు అంతకుముందే మూసేశారు. నేను తిరుపతికి వచ్చి ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనిలో చేరాను, బిడ్డను చదివించాను, పెళ్ళి చేశాను. పనిలో ఉన్నప్పుడు నీళ్ళ చప్పుడు చాటున ఆ పాట పాడుకునేదాన్ని. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. నిజంగా విన్నానా, ఆశకొద్దీ కట్టుకున్నానా అని.

మొన్న మా అమ్మాయికి ఆడబిడ్డ పుట్టింది. ఉయ్యాల్లో వేయడానికి రోజు పెట్టుకున్నారు. వదిన సత్యవేడు నుంచి ముందుగానే వచ్చి దిగింది. డెబ్బై దాటినా గొంతు చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఫోను కూడా ఉంది, పాట లేకుండా వట్టి మ్యూజిక్ మాత్రమే వచ్చేది అందులో వేసుకుని సాధన చేస్తోంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేను మెల్లగా చెప్పాను.

“వదినా, ఈసారి జోల నేను పాడతా.”

“నువ్వా! ఏం పాట?”

“ముసిలామెది.”

“మళ్ళీ మొదలుపెట్టినావా? ఆ పాట ఉండాదని సూపీమ్మే. సూపిస్తే నేనే నోరు మూసుకుంటా. లేదంటే ఇంగ ఆ మాట ఎత్తగూడదు.”

“సరే” అన్నాను. చూపించలేకపోతే ఈ జన్మకు నా పాట అయిపోయినట్టే.

అమ్మాయి ఫోనులో వెతికింది. ఆ సినిమా పాటలన్నీ ఉన్నాయి, పాత క్యాసెట్టులో ఉన్నవే, అదే వరసలో. ముసలామె లేదు. సాయంత్రం ఇద్దరం బజారుకు పోయాం. పాత సినిమాలు మెమరీ కార్డులో ఎక్కించే అంగడి ఒకటి కనబడింది. నేనే ముందుకు వెళ్ళి, సినిమా పేరు చెప్పి అడిగాను.

“అబ్బా, దీంట్లో బిట్టు కావల్ల.”

అతను అటూ ఇటూ చూశాడు. నున్నగా దువ్విన తల, నుదుట నామం. గొంతు తగ్గించి, “అక్కా, మేం అట్టాంటివి పెట్టం. కొండకొచ్చే జనం తిరిగే సోటు ఇది” అన్నాడు.

“ఎందుకు పెట్టరు? ముసిలామె బిట్టబ్బా! గొలుసు చప్పుడు తప్ప ఇంకేం ఉండదు దాంట్లో!”

అతను చేతులెత్తి దండం పెట్టాడు. అమ్మాయి నన్ను రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చేసింది. సందు మలుపులో నిలబడి, ఈ కాలంలో ఆ మాటకు ఏం బూతు అర్థమో చెవిలో చెప్పింది. అయ్యో దేవుడా! ఇద్దరం గోడకు ఆనుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఇప్పటికీ ఆ అంగడి ముందు నుంచి పోవాల్సి వస్తే కొంగు కప్పుకుని పోతాను.

నవ్వు ఆగాక అమ్మాయి అంది. “అమ్మా, పాటల్లో ఎతికితే ఎట్ట దొరుకుతాది? అది పాటల్లో లేదంటాండావు గదా. సినిమానే సూద్దాం.”

మరునాడు పొద్దున టీవీలో ఆ సినిమా పెట్టింది. ఎవరో ఎక్కించారట, గీతలు గీతలుగా ఉంది. వదిన కాళ్ళు చాపుకుని మధ్యలో కూర్చుంది. హీరోయిన్ జోల రాగానే తనూ అందుకుంది. ఒక చరణం పాడి రెండోదానికి ఊపిరి తీసుకునేలోపు తెరమీద పాట అయిపోయింది, హీరో జీపు దిగుతున్నాడు.

“నా రెండో చరణం యాడ?” అంది వదిన, నోరు తెరిచినది తెరిచినట్టే.

నేను ఊరుకుంటానా! ఎన్నేళ్ళుగా దాచుకున్న మాట!

“తెరమీద లేంది పాటెట్టయితాది వదినా?”

అమ్మాయి బిడ్డను పట్టుకుని మరీ నవ్వింది. కానీ ఇంటర్వెల్ అయ్యాక నా వంతు వచ్చింది. తల్లి చనిపోయింది, పాడె లేచింది, ఒక్కసారిగా ఫైటు వచ్చేసింది. ముసలామె లేదు.

“అయిందా?” అంది వదిన, లేవబోతూ.

“ఉండత్తా” అంది మా అమ్మాయి. “ఇది కోసేసిన కాపీ. ఇంకోటి ఉండాది, ఇంతకంటే పొడుగుది.”

రెండోది పెట్టింది. పాడె లేచింది. ఇల్లు చీకటైంది. కిర్రు… కిర్రు… గొలుసు. ఆ గొంతు వచ్చింది. మా ఇంటినిండా వచ్చింది. వదిన లేవబోయినది మళ్ళీ కూర్చుంది.

అమ్మాయి నా వైపు తిరిగింది. “అమ్మా, ఇది నువ్వే గదా!”

వాళ్ళ నాయన తడిక దగ్గర అన్న మాట దానికి నేనెప్పుడూ చెప్పలేదు. అయినా అదే అంది. నాకు ఏడుపు రాలేదు. లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, కూర్చుని వినాలనిపించలేదు.

పరోటా చప్పుడు లేకుండా ఆ రెండు లైన్లు మొదటిసారి విన్నాను. చందమామ గురించి ఏదో ఉంది. నేను ఇన్నాళ్ళూ పాడుకున్నది అది కాదు. వదిన ముఖం కొంచెం వెలిగింది. “నువ్వు సెప్పే మాటల్లో ఏందో తడికంటావు గదా. మాటలు వేరేమ్మే.”

“ఆయమ్మ మాటలు ఆయమ్మవి. నా మాటలు నావి” అన్నాను. “గొంతుండాదా లేదా, అది సెప్పు.”

వదిన టీవీ వైపు తల తిప్పింది. “ఉండాది” అంది.

ఉయ్యాల రోజు మిద్దె మీద షామియానా వేశారు. పూలు చుట్టిన తాడు ముత్తైదువులు పట్టుకున్నారు. నేను ముందుకు వస్తుంటే ఎవరో గుసగుసలాడారు, మొగుడు లేని మనిషి అని. వదినే వాళ్ళ వైపు తిరిగింది. “తాడు పట్టుకోను మీరుండారు గదా! పాడను గొంతుంటే సాలు. ఏమ్మే, రా.”

అన్న మాట ప్రకారం ఆమె నోరు మూసుకుంది. నేను పాడాను. ఫోనులో మ్యూజిక్ లేదు. మా ఉయ్యాలకు గొలుసు కూడా లేదు, తాడే. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు, అంతే. మొదట చిన్నగా ఎత్తుకున్నాను, తర్వాత ఎవరి కోసం చిన్నగా అనిపించి పూర్తిగా వదిలేశాను. చందమామ దగ్గరికి వచ్చేసరికి నావే పాడాను.

తడికవతల ఎవరో ఏడిస్తే నీకేమి బిడ్డా,
తడికివతల నేనుండాను నిద్దరపో బిడ్డా.

బిడ్డ బెదరలేదు. కళ్ళు ఇంత చేసుకుని నా వైపే చూసింది. తర్వాత ఆవులించింది, ఆ ఆవులింతకు మిద్దె మీదున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పిట్టగోడ అవతల పక్కింటివాళ్ళు కూడా కొట్టారు, గొంతు అంతదూరం పోయింది మరి.

చూస్తే వదిన ఫోను నా నోటి ముందర పెట్టి నిలబడి ఉంది.

“ఏం వదినా అది?”

“ఎక్కించుకుంటాండానమ్మే. ఇంగ మీద క్యాసెట్లో లేదని ఎవురూ అనకూడదు గదా.” అని ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి నాలుక కరుచుకుంది. “అయ్యయ్యో, నొక్కనే లేదు! మొదట్నించి పాడు.”

“బిడ్డ నిద్రపోతాంది వదినా.”

“పోనీలే. నీ గొంతుకేం బెదురుకోదు, పాడు.”

మొదట్నించి పాడాను. ఇంకా గట్టిగా.