చంద్రుడి మీద హవల్దారు

అంతరిక్షంలో యుద్ధాలు జరిగినట్టు కథలు రాసేవాళ్ళం ఆ రోజుల్లో మా చుట్టుపక్కల నలుగురం ఉండేవాళ్ళం. జగ్గయ్యపేట గ్రంథాలయం వార్షికోత్సవానికి నలుగుర్నీ ఒకే వేదిక ఎక్కించారు. ఒకాయన బియ్యం మిల్లులో గుమాస్తా. ఒకాయన కోర్టులో నకళ్ళు రాసేవారు. మూడో ఆయన హోమియోపతి డాక్టరు. నేను నందిగామలో మిషన్ స్కూలు టీచర్ని. గ్రహాలకు గ్రహాల్నే తగలబెట్టిన మాలో ఒక్కరూ తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదు. చంద్రుడి మీద తుపాకీ పేలిస్తే గుండు కింద పడుతుందా అని సభలో ఎవరో అడిగితే ఆ ముగ్గురూ మూడు జవాబులు చెప్పారు. నాకు నవ్వు ఆగలేదు.

నాకు మాత్రం మిలిటరీలో అన్నయ్య ఉన్నాడు. హవల్దారు. సెలవుకి వచ్చినప్పుడు దుప్పటి మడత పెట్టే పద్ధతి, పొగలు కక్కే టీని గ్లాసెత్తి గటగటా తాగేసే తీరు చూసీ చూసీ, అవన్నీ వారపత్రికలో వచ్చే నా సీరియల్లో హవల్దారుకి పెట్టేశాను. పేరు మార్చాను. యుద్ధం చంద్రుడి మీద పెట్టాను. శత్రువులు యంత్రాల్లోంచి తయారై వస్తారు, వాళ్ళకి ఇల్లూ వాకిలీ ఉండవు, అమ్మా నాన్నా ఉండరు. అలాగైతే ఎంతమందిని చంపినా చదివేవాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఆ కిటుకు మా నలుగురికీ తెలుసు.

సీరియల్ సగంలో ఉండగా, అరవై అయిదులో, నిజం యుద్ధమే వచ్చింది. అన్నయ్య సరిహద్దుకి వెళ్ళాడు. ఎక్కడున్నాడో తెలియదు. మిలిటరీ ఉత్తరాల మీద ఊరి పేరుండదు, నంబరే ఉంటుంది. కొన్నాళ్ళకి ఆ ఉత్తరాలూ ఆగిపోయాయి.

అమ్మ వీరులపాడులో కూలి పనికి వెళ్ళేది. చదువు రాదు. మా పల్లెలో గురువారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో ముందు పేర్లు చెప్పుకుంటారు. ప్రార్థనయ్యాక, మన పిల్ల రాసిందని, పాస్టరుగారి భార్య వారపత్రికలో నా సీరియల్ పైకి చదివేది. ఒక శనివారం నేను ఇంటికి వెళ్ళేసరికి ఆడవాళ్ళు చుట్టూ చేరారు. "హవల్దారు కాలికి దెబ్బ తగిలిందంట గదమ్మా, మొన్న అందరం ప్రార్థన చేశాం" అన్నారు. అన్నయ్య పేరు పెట్టే చేశారట.

అమ్మని లోపలికి తీసుకెళ్ళి, అది కథ, నేను కూర్చుని కల్పించింది అని చెప్పాను.

"అట్టాగే చెప్పాలిలే" అంది అమ్మ గొంతు తగ్గించి. "బోర్డరు మీద ఊరి పేరు బయటికి చెప్పగూడదంట గదా. అందుకే చంద్రుడని రాశావు. నాకు తెలవదా?"

"అన్నయ్య సంగతి నాకు మాత్రం ఎట్టా తెలుస్తుందమ్మా?"

"వాడు టీ తాగేది అచ్చం అట్టాగే గదే. తెలవకుండా ఎవరు రాస్తారు? వారం వారం వాడున్నాడని వింటే చాలు నాకు. నువ్వు మాత్రం ఉద్యోగం మీదికి తెచ్చుకోమాక."

ఎంత చెప్పినా వినలేదు. కాదన్నకొద్దీ నేనేదో దాస్తున్నానన్న నమ్మకం ఆవిడకి గట్టిపడింది.

ఇంతలో బెజవాడ నుంచి ఎడిటర్ గారు కబురు చేశారు. హవల్దారు చనిపోవాలట. యుద్ధం రోజులు, జనం వీరమరణం కోరుకుంటున్నారట. మిల్లు గుమాస్తాగారు బస్సు దగ్గర కనబడి ఆయనా అదే పాట పాడారు. "ఏడిపించాలమ్మా. ఏడిస్తేనే గుర్తుంటుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఏ అన్నయ్య కోసమూ ఎదురుచూడటం లేదు. హవల్దారు చనిపోతే అమ్మకి కొడుకు చావుకబురు చెప్పింది నేనే అవుతాను.

అందుకని చుట్టూ ఉన్న జవాన్లందర్నీ చంపాను, అతన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎడిటర్ గారి నోరు మూయించడానికి అతని చేత శత్రువుల్ని గుంపులు గుంపులుగా చంపించాను. అమ్మ ప్రతి గురువారం నిశ్చింతగా ఇంటికెళ్ళి అన్నం తినేది. నేనే ఒక్కో వాక్యం నాలుగుసార్లు కొట్టేసి రాసేదాన్ని. నేను ఒక్క వాక్యం తప్పు రాస్తే అక్కడ అన్నయ్యకేమవుతుందోనని పిచ్చి భయం పట్టుకుంది. చదువుకున్నదాన్ని, నాకెందుకా భయమని నామీద నాకే కోపం వచ్చేది.

యుద్ధం ఆగిన కొన్నాళ్ళకి అన్నయ్య సెలవు మీద వచ్చాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ప్రార్థన ఫలిస్తే మాలో కృతజ్ఞత కూడిక పెడతారు. అందరికీ భోజనాలు పెట్టాలి, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ ఆదివారం అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ప్రార్థన గుడిలో లేచి నిలబడ్డాడు. చంద్రుడి మీద అన్ని యుద్ధాలు గెలిచిన మనిషి ఏం చెబుతాడా అని పల్లెంతా చెవులు రిక్కించింది.

"మీ ప్రార్థన వల్ల బతికొచ్చానండి" అన్నాడు. కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు.

"నేను కాల్చినతను వెంటనే పోలేదండి. మధ్యాహ్నం దాకా ఉన్నాడు. వాళ్ళమ్మని పిలుస్తానే ఉన్నాడు. నేను పక్కనే ఉన్నా. వాళ్ళమ్మకి తెలిసిందో లేదో. ఆవిడ కోసం, అతని కోసం కూడా ప్రార్థన చెయ్యండి."

పాస్టరుగారు పాట ఎత్తుకోబోయి ఆగిపోయారు. అమ్మ ముందు వరసలోంచి మెల్లగా లేచింది.

"అతని పేరేందిరా?" అని అడిగింది.

"తెలవదమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది.

"అక్కడి సంగతులన్నీ రాసింది నువ్వే గదే. నువ్వు చెప్పు" అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. నేను చంపించినవాళ్ళలో ఒక్కరికీ పేరు పెట్టలేదు.

"నాకు తెలియదమ్మా" అన్నాను. ఈసారి అమ్మ నా మాట నమ్మింది.