బెథాక్ పిన్ని దింపించిన చెయ్యి

పెర్త్ ఊళ్లో బెథాక్ పిన్ని కాచే బార్లీ బీరు తాగి బాగుందన్న మనిషి లేడు, తాగడం మానిన మనిషీ లేడు. మొగుడు పోయాక ఆ బీరు కొట్టుతోనే బతుకు ఈడ్చుకొచ్చింది. కొత్త బీరు దిగినప్పుడల్లా చూరుకి చీపురు కట్టేది. చీపురు కనబడితే చాలు, ఊరు ఊరంతా దిగేది. సగం మంది ఆమె తిట్లు వినడానికే వచ్చేవారు. ఊరిని గెలుచుకుని కోటలో కాపలా ఉన్న ఇంగ్లీషు సిపాయిలు కూడా అంతే.

కొండల్లో పెద్దింటివాళ్లు తమ పిల్లల్ని పెంపకానికి పరాయి ఇంట్లో వదలడం ఆనవాయితీ. అలా ఆమె పాలు తాగి, ఆమె పొయ్యి పక్కన పెరిగినవాడు డుగాల్డ్. మీసాలు రాకముందే కొండలకి తిరిగి వెళ్లిపోయాడు, ఆ తర్వాత ఊరు వాణ్ని చూడలేదు. పెద్దయ్యాక ఇంగ్లీషు రాజు మీద తిరగబడి ఆయన సిపాయిలకు కంటి మీద కునుకు లేకుండా చేశాడు. చివరికి కాలికి దెబ్బ తగిలి మేనమామ ఇంట్లో తలదాచుకుంటే, ఆ మహానుభావుడే పట్టిచ్చాడు. లండన్‌లో ఉరి తీసి, నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో ఊరికి పంపారు. పెర్త్ వాటాకి ఎడమ చెయ్యి వచ్చింది. తారు పూసి వంతెన ద్వారం మీద వేలాడదీశారు.

ఊరంతా తలలెత్తి చూసింది. బెథాక్ కూడా చూసింది. చిటికెనవేలు వంకరగా ఉంది. చిన్నప్పుడు దొంగచాటుగా బీరు ముంచుకోబోతే పీపా మూత పడి వంకరపోయిన వేలు అది. మూత వేసింది ఆమే.

కాకులు అప్పటికే ద్వారం మీద చేరుతున్నాయి. అవి ముక్కు పెట్టకముందే ఆ చెయ్యి దించి మట్టిలో పెట్టాలి. కానీ ఏడ్చినవాళ్లను పట్టుకెళ్లడానికి సిపాయిలు కాచుకుని ఉన్నారు. అందుకని ఆమె పగలబడి నవ్వింది.

"ఏందయ్యా ఇది? ఎవడో పొట్టి దర్జీ చెయ్యి తెచ్చి డుగాల్డ్‌దంటారా?"

కోట దొర సర్ హేమో మండిపడ్డాడు. "నోర్ముయ్ ముసలిదానా! రాజుగారి ముద్ర వేసి పంపిన చెయ్యి ఇది."

"ముద్రేస్తే పొడుగవుద్దా దొరా? పోయినేడు వాగుకాడ యుద్ధం చేసి వట్టి కాళ్లతో వచ్చారు గుర్తుందా? నా కొట్లో కూచునే గదా చెప్పారు! వాడు గుమ్మం పట్టనంత మనిషి, చెయ్యి నా నడుమంత లావు, గుర్రాన్ని చంకలో పెట్టుకుని వాగు దాటాడని!"

"నేనూ విన్నా పిన్నీ," అన్నాడు చెప్పులు కుట్టే గిల్‌క్రిస్ట్. "ఒకటి కాదు, రెండు గుర్రాలన్నారు."

జనం కిసుక్కుమన్నారు. హేమో పైకి చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు. తనదే పొడుగు. ఇది డుగాల్డ్ చెయ్యే అయితే, దొరగారు బూట్లు వదిలి పరిగెత్తింది తన భుజం దాకా కూడా రాని మనిషిని చూసి.

"వాణ్ని మీకంటే దగ్గర్నించి చూసిందెవరు దొరా? మీరే చెప్పండి, ఇది వాడిదేనా?" అంది బెథాక్.

పాపం, హేమో తన బూట్ల వంక చూసుకున్నాడు. "కాదు," అన్నాడు చివరికి. "వాడు దీనికి రెట్టింపు ఉంటాడు. లండన్‌లో మూటలు మారినట్టున్నాయి. దించి ఎక్కడన్నా పారేయండి."

"ఇటు తెండి, నా పందులకేస్తా," అంది బెథాక్.

అలా డుగాల్డ్, తనను పెంచిన తల్లి నడుముకి కట్టుకునే పాత ఏప్రన్‌లో చుట్టుకుని ఇల్లు చేరాడు. ఆమె వెన్న రాసి తారంతా వదిలించింది. వంకరవేలిని పట్టుకుని చాలాసేపు కూచుంది.

"ఎంత తినబెట్టినా పొడుగు కాలేదని తిట్టేదాన్ని గదరా నాయనా," అంది. అప్పుడు ఏడ్చింది, కరువుతీరా. పెరట్లో బార్లీ మడి పక్కన గొయ్యి తీసి, వేడి ఓట్స్ రొట్టె ఒకటి ఆ చేతిలో పెట్టి పూడ్చింది.

చేతులు కడుక్కునేలోపే తలుపు బాదారు. గిల్‌క్రిస్ట్, వాడి వెనక ఊరంతా.

"పిన్నీ! ఆ చెయ్యి వాడిది కాదంటే డుగాల్డ్ బతికే ఉన్నట్టేగా! ఇంకా చీపురు కట్టలేదేం?"

ఆమె ముఖం తుడుచుకుని చీపురు కట్టింది. చావింటికి వచ్చినవాళ్లకు బీరు ఊరికే పొయ్యడం ఆ దేశపు మర్యాద. ఆ సాయంత్రం ఆమె ఎవరి దగ్గరా కాసు తీసుకోలేదు. ఊరు దాన్ని సంబరమనుకుని డుగాల్డ్ నిండు నూరేళ్లు బతకాలని తాగింది. బీరు బాగుందని కూడా అన్నారు.